చింతచెట్టు ఎక్కడికీ పోదు

తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం మన బడిలోకి పాము వచ్చిన సంగతి నాకంటే ముందు మీకే తెలిసిపోయింది. నేను ఆఫీసు గదిలోంచి చేతులు కడిగే కుళాయిల దాకా నడిచేలోపే ముగ్గురు తల్లులు ఫోన్ చేశారు. సాయంత్రానికి క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో అది నాగుపాము అయింది, రాత్రికి రెండు నాగుపాములయ్యాయి, పొద్దున లేచేసరికి ఎవరో పిల్లాడిని కాటేసిందని కూడా రాశారు. ఎవరినీ ఏమీ చేయలేదండీ. అది జెర్రిపోతు. విషం ఉండదు, పడగ విప్పదు, ఎలుకల కోసం తిరుగుతుంది. మనకంటే దానికే ఎక్కువ టెన్షన్.

లంచ్ బెల్ కొట్టిన కాసేపటికి కుళాయిల కింద సిమెంటు గట్టు పగులులోంచి బయటికొచ్చింది. ఏడో తరగతి అమ్మాయి ఒకామె (పేరు రాయొద్దని వాళ్లమ్మగారు అన్నారు, నాకేమో రాయాలని చెయ్యి లాగుతోంది) సగం కడిగిన టిఫిన్ బాక్సు చేతిలో అలాగే పట్టుకుని చిన్నపిల్లల్ని వెనక్కి జరిపి, "రాళ్లెయ్యకండి, దాన్ని పోనీయండి" అని అరిచిందట. రాయి ఎత్తిన పదో తరగతి వీరుడి చెయ్యి పట్టుకుని దింపింది కూడా. పాములు పట్టే వాలంటీరు వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు, అన్నం కూడా తినలేదు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆ రోజే దాని బొమ్మ వేసి తెచ్చాడు, పెదవుల మీది పొలుసుల మధ్య ఉండే నల్లటి గీతలతో సహా. మార్కులు తక్కువని వాళ్ల నాన్నగారు పోయిన నెల నా దగ్గర బాధపడ్డ పిల్లాడే. ఆ బొమ్మ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, వచ్చి చూడండి సార్.

ఇక బుధవారం నాకు అందిన లెటర్ సంగతి. బడి వెనకున్న చింతచెట్టు కొట్టించి ఆ జాగా అంతా సిమెంటు చేయించాలని చాలామంది సంతకాలు పెట్టారు. మీ భయం నాకు అర్థమవుతుంది, నేనూ తల్లినే. కానీ పాము చెట్టులోంచి ఊడిపడలేదు. గోడ అవతల ఇన్నేళ్లుగా తుమ్మలు, గడ్డి పెరిగిన ఖాళీ జాగాలో నెల రోజులుగా జేసీబీ తవ్వుతోంది, అపార్ట్‌మెంట్ వస్తోందట. పైన వానలు, బొరియల్లోకి నీళ్లు. మరి అది వేరే ఎక్కడికీ పోకుండా మన దగ్గరికే ఎందుకొచ్చింది అంటే, మన దగ్గర ఎలుకలున్నాయి. ఎలుకలెందుకు ఉన్నాయో చెప్తే కోపం తెచ్చుకోకండి. నిన్న వెనక గోడ పక్కన ఆయమ్మతో కలిసి నేనే ఏరాను: ఫాయిల్‌లో చుట్టిన పరోటాలు, ముద్దలు ముద్దలుగా పులిహోర, చిప్స్ ప్యాకెట్లు లెక్కలేనన్ని. ఎనిమిదేళ్ల పిల్లకు పెద్దమనిషి తినేంత అన్నం పెట్టి "అంతా తినెయ్యి" అని పంపితే, ఆ పిల్ల ఇంటికి ఖాళీ డబ్బా తెచ్చి మిమ్మల్ని సంతోషపెడుతుంది. మిగిలింది గోడ దగ్గరికి పోతుంది. పొద్దున గేటు దగ్గర కారు ఆపి, ఇడ్లీ తిన్న కవరు చట్నీతో సహా అద్దంలోంచి కిందకు వదిలే వాళ్లకు కూడా ప్రేమతోనే చెప్తున్నా, మా వాచ్‌మన్‌కు మీ కారు నంబర్లు కంఠతా వచ్చు.

చెట్టు గురించి మాత్రం నన్ను కాస్త మాట్లాడనివ్వండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి మన హైదరాబాద్‌లో వేలమంది కొట్టుకుపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఏటా ఆరో తరగతిని ఆస్పత్రిలోని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్తాం. ఈసారి తిరిగొచ్చిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే మన చెట్టు దగ్గరికి పరిగెత్తి చేతులు కలిపి చుట్టూ నిలబడ్డారు. నలుగురు చాలలేదు, ఐదోవాడిని పిలిచారు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి అయ్యాక వ్యాన్ కోసం పిల్లలు నిలబడేది దాని కిందే. దాని మీద కంసాలి పిట్ట టుక్ టుక్ అంటూ ఉంటే మా లెక్కల సార్ విసుక్కుంటారు గానీ, అది లేని రోజు ఆయనే అడుగుతారు. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు పక్కన సిగ్నల్ దగ్గర నెమలి అరిస్తే కారు అద్దం దించి మురిసిపోతాం కదా, ఆ నెమలి పాముపిల్లల్ని కూడా తింటుంది. నెమలి కావాలి, పాము వద్దు అంటే ఎలాగండీ? పైగా చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తెచ్చుకోవాలి, నేనైతే ఆ దరఖాస్తు పెట్టను. పామును చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని రాయి ఎత్తిన మా వీరుడికి కూడా చెప్పాం.

గట్టు పగుళ్లు పూడ్పించాం, కాలువలకు జాలీ వేయించాం, గడ్డి కోయించాం. మన ఊళ్లో పాముల్ని పట్టే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ నంబరు నోటీసు బోర్డు మీద ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా: ఎఫ్‌ఏ-2 పరీక్షలు సోమవారం నుంచి, మూడో నంబర్ వ్యాన్ పది నిమిషాలు ముందే వస్తుంది, ఫీజు బాకీ ఉన్నవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు.

శనివారం పది గంటలకు పేరెంట్స్ మీటింగ్. కుర్చీలు చింతచెట్టు కిందే వేయిస్తున్నాను. భయమున్నవాళ్లు పై హాల్లో కూర్చోవచ్చు, అక్కడ ఫ్యాన్లు పనిచేయట్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు