మీరు ఏ కంప్యూటర్ మీద ఆడారు?

విజయవాడ,
బుధవారం రాత్రి.

చిరంజీవి హారికకు,
నాన్న ఆశీస్సులు.

తల్లీ, నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పదిహేనేళ్లుగా పీసీ గేములకు రివ్యూలు రాస్తున్న జర్నలిస్టును మీ డిపార్ట్‌మెంట్ పత్రిక కోసం ఆదివారం ఇంటర్వ్యూ చేస్తున్నానని, ఏం అడగాలో చెప్పమని అన్నావు. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను. ముప్పై ఏళ్లు దినపత్రిక డెస్కులో కూర్చుని ఇతరులు తెచ్చిన ఇంటర్వ్యూలు దిద్దాను. పేలవమైన ప్రశ్న ఎంతటి మనిషి చేతనైనా పేలవంగా మాట్లాడిస్తుందని అక్కడే తెలిసింది. అందుకే తీరికగా ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పంపిన పన్నెండు ప్రశ్నలూ చదివాను. మీకు ఇష్టమైన గేమ్ ఏది, ఈ రంగం భవిష్యత్తు ఏమిటి, కొత్తవాళ్లకు మీరిచ్చే సలహా ఏమిటి... వీటిని కొట్టేయి. ఆయన వీటికి ఇప్పటికే వందసార్లు జవాబు చెప్పి ఉంటారు. నీకూ అదే చెబుతారు. అంతకన్నా మంచి ప్రశ్న నీ దగ్గర ఉంది. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే అది నీకు దొరికింది.

గుర్తుందా ఆ వేసవి? తాతయ్య, అత్తయ్య ఇచ్చిన డబ్బుకు నువ్వు దాచుకున్నది కలిపి ఒక గేమ్ కొన్నావు. దాని పేరు ఇక్కడ ఎందుకులే, నీకు తెలుసు. కొనడానికి నెల ముందే దాని రివ్యూ ఒకటి నా చేత ప్రింటు తీయించుకున్నావు. పదికి తొమ్మిది అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీసి, ఆ కాగితాలు దిండు కింద పెట్టుకుని పడుకునేదానివి. గేమ్ డౌన్‌లోడ్ కావడానికి మూడు రాత్రులు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామునే లేచి మొదలుపెట్టావు. నేను పేపరు పట్టుకుని కూర్చున్నానే గానీ, చూపంతా నీ తెర మీదే. అందులో మనిషి ఒక అడుగు వేసి బిగుసుకుపోతాడు, మరుక్షణం ఇంకెక్కడో తేలతాడు. నువ్వు సెట్టింగుల్లోకి వెళ్లి నీడలు తీసేశావు. నీళ్ల మీద మెరుపు తీసేశావు. దూరంగా కనిపించే చెట్లు తీసేశావు. చివరికి ఆ ఊరంతా పొగమంచు కమ్మినట్టు అయింది, మనిషి మాత్రం అలాగే తడబడుతున్నాడు. అప్పుడు సీపీయూ పక్క రేకు విప్పి, స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి లోపలికి కొట్టేలా తిప్పావు. మే నెల విజయవాడలో ఆ ఫ్యాను ఎవరికి కావాలో నీకు చెప్పనక్కర్లేదు. మీ అమ్మ చెమట తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

నువ్వు ఏడవలేదు. దిండు కింది కాగితాలు తెచ్చి, మొదటి నుంచి వేలు పెట్టి వెతుక్కుంటూ చదివావు. చివర తలెత్తి, "నాన్నా, ఈయన ఏ కంప్యూటర్ మీద ఆడాడో ఇందులో ఎక్కడా లేదు" అన్నావు. నేనూ తీసుకుని చదివాను. నాలుగు పేజీలు. కథ గురించి, సంగీతం గురించి, కత్తియుద్ధం గురించి చక్కగా రాశాడు. నువ్వు వెతికిన ఆ ఒక్క వాక్యం లేదు.

ఆదివారం నీ మొదటి ప్రశ్న అదే కావాలి.

సోనీ ప్లేస్టేషన్, అంటే ఆటల కోసమే చేసిన కన్సోల్, కొన్నవాళ్లందరి ఇంట్లో ఉండేది దాదాపు ఒకే యంత్రం. రాసినవాడు చూసిందే చదివినవాడూ చూస్తాడు. పీసీ అలా కాదు, ఇంటికొక రకం. ఒకరి దగ్గర తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డే లక్ష రూపాయలది ఉంటుంది, ఇంకొకరి దగ్గర రిపేరు షాపులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది ఉంటుంది. కాబట్టి ఏ కార్డు, ఎంత ర్యామ్, తెర ఎంతది, సెట్టింగులు ఎక్కడ పెట్టి ఆడారు అని వివరంగా అడుగు. ఆఫీసులో ఉన్న మంచి యంత్రంతో పాటు మామూలు పాఠకుడి దగ్గర ఉండేలాంటి పాతది ఒకటి పరీక్షకు ఉంచుకుంటారా అని అడుగు. ఉంచుకుంటామంటే, ఈమధ్య దాని మీద ఆడిన గేమ్ ఏదో, అందులో ఏం గమనించారో చెప్పమను.

సెకనుకు ఇన్ని ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, అని సగటు లెక్క చెప్పి ఊరుకుంటే అక్కడ వదలవద్దు. సెకనుకు అరవై ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు పదహారు మిల్లీసెకన్ల పైచిలుకు సమయం. వాటిలో ఒక్కటి వంద మిల్లీసెకన్లు నిలిచిపోయినా కంటికి కుదుపు తెలుస్తుంది, సగటులో మాత్రం పెద్దగా కనిపించదు. హైదరాబాద్ బస్సు గంటకు యాభై కిలోమీటర్ల సగటుతో వచ్చిందని చెబితే, అది సూర్యాపేట దగ్గర అరగంట ఆగిందని తెలుస్తుందా? నువ్వు ఆ రోజు చూసింది ఆ ఆగడమే.

ఈ పని పద్ధతిగా చేసిన మనిషి ఒకరున్నారు. టోటల్ బిస్కట్ అనే పేరుతో వీడియోలు చేసిన బ్రిటిష్ విమర్శకుడు జాన్ బెయిన్. నీ గదిలోంచి ఆ గొంతు వినిపించినప్పుడల్లా ఎవరమ్మా ఆయన అని అడిగేవాణ్ణి. పీసీ గేమ్ చేతికి రాగానే ఆయన ముందు సెట్టింగుల పట్టీ తెరిచి, ఏమేం మార్చుకోవచ్చో, ఏవి మార్చనివ్వరో చూపించేవారు. ఆట ఆ తర్వాతే. 2018లో కేన్సర్‌తో పోయారు. మీ అతిథిని ఆయన గురించి అడిగితే, ఇద్దరూ అభిమానంతో మాట్లాడుకునే విషయం ఒకటి దొరుకుతుంది.

రెండోది, రివ్యూ కోసం కాపీ ఎవరిచ్చారు, ఏ షరతులతో ఇచ్చారు అన్నది. కంపెనీలు విడుదలకు ముందే కాపీ ఇస్తాయి. ఫలానా రోజు, ఫలానా గంట దాకా ఏమీ బయటపెట్టకూడదని మాట తీసుకుంటాయి. దీన్ని ఎంబార్గో అంటారు. మా డెస్కులోనూ ఉండేది, బడ్జెట్ ప్రతుల విషయంలో. అందులో తప్పేమీ లేదు. పాఠకుడు కొనబోయేదీ విమర్శకుడికి ఇచ్చిందీ ఒకటి కానప్పుడే చిక్కు వస్తుంది.

సైబర్‌పంక్ 2077 గేమ్ సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. 2020 డిసెంబరు 10న విడుదలైంది. అంతకు ముందు విమర్శకులకు ఇచ్చింది పీసీ కాపీలు. మంచి యంత్రాల మీద ఆడి మెచ్చుకున్నారు, నిజాయితీగానే మెచ్చుకున్నారు. పాత ప్లేస్టేషన్ 4 మీద కొన్నవాళ్లకు అది సరిగ్గా నడవనే లేదు. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసి, అడిగినవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. దానికి ఐదేళ్ల ముందు బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్ అనే గేమ్ విషయంలో ఇదే తలకిందులుగా జరిగింది. కన్సోల్ మీద ఆడి రాసిన రివ్యూలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పీసీ కాపీ ఎంత అధ్వాన్నంగా ఉందంటే, 2015 జూన్ 23న విడుదల చేసి మర్నాడే అమ్మకం ఆపేశారు. తిరిగి అమ్మింది అక్టోబరు చివర్లో. యాదృచ్ఛికమే కావచ్చు, పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ఆ జూన్ మొదట్లోనే కొత్త నియమం తెచ్చింది. కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి, "మీ చేతికి ఇవ్వని వెర్షన్ గురించి పాఠకుడికి ఏం చెబుతారు?" అని అడుగు. తొందరపెట్టకు. మౌనంగా ఉంటే ఉండనివ్వు.

మూడోది డబ్బు సంగతి. దీన్ని ఎలా అడగాలో నేను చెప్పే ముందు, నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. నేను సినిమా పేజీ చూసే రోజుల్లో ఒక గురువారం రాత్రి ప్రకటనల విభాగం నుంచి ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. మర్నాటి సమీక్షలో రెండో సగం సాగదీశారన్న వాక్యం ఉందని ఎవరో చెప్పారట. ఆ నిర్మాతది ఆదివారం పూర్తి పేజీ ప్రకటన. ఆయన అరవలేదు, బెదిరించలేదు. "చూడండి సార్" అన్నాడు, అంతే. నేను పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. సమీక్ష రాసిన కుర్రాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అతనిది న్యాయమైన కోపం. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

అందుకే, మీ మీద ఒత్తిడి ఉంటుందా అని అడగవద్దు. లేదంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ వాక్యం తీసేయమన్నారు, ఎవరు అడిగారు, చివరికి అచ్చయిందా లేదా అని అడుగు. ఆయనకు జెఫ్ గెర్స్‌మన్ కథ తెలిసే ఉంటుంది. 2007లో గెర్స్‌మన్ గేమ్ రివ్యూల సైటు గేమ్‌స్పాట్‌లో ఎడిటోరియల్ డైరెక్టర్. కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కు పదికి ఆరు ఇచ్చారు. అదే సమయంలో ఆ గేమ్ ప్రకటనలు ఆ సైటు నిండా ఉన్నాయి. ఆ నవంబరులో ఆయన ఉద్యోగం పోయింది. ఎందుకో చెప్పకూడదని ఒప్పందం. అది తొలగిన తర్వాత, 2012లో, ప్రకటనదారుల ఒత్తిడికి పైవాళ్లు తలొగ్గారని ఆయనే నోరు విప్పారు. ఈ మధ్యలో ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు, జెయింట్ బాంబ్ అని సొంత సైటు పెట్టారు. నాకు ఆ మనిషి మీద గౌరవం. కుర్రాడి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా ఇంకా పెరుగుతుంది.

యూట్యూబ్‌లో డబ్బు తీసుకుని పొగిడేవాళ్ల గురించీ అడుగు. మన దేశంలో 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధనలు ఉన్నాయి, డబ్బు తీసుకున్న వీడియో అయితే ప్రకటన అని స్పష్టంగా వేయాలి. గేమ్ రివ్యూల్లో అది ఎంతవరకు కనిపిస్తోందో రోజూ చూసే ఆయనే చెప్పాలి.

మార్కుల గురించి ఎక్కువ అడగవద్దు, ఒక్క ప్రశ్న చాలు. మనవాళ్లు సినిమాలకు రెండు ముప్పావు, మూడుంపావు అని ఇచ్చే రేటింగు చూసి నవ్వుకుంటాం గానీ, గేముల రంగంలో ఒక్క మార్కుకు జీతాలే ముడిపడ్డాయి. ఫాలౌట్: న్యూ వేగాస్ అనే గేమ్ చేసిన అబ్సిడియన్ స్టూడియోకు, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఆ సంగతి స్టూడియోలో పనిచేసిన క్రిస్ అవెలోన్ బయటపెట్టారు. యూరోగేమర్ అనే రివ్యూల సైటు 2015లో మార్కులే మానేసి, కొన్నేళ్లకు నక్షత్రాల రూపంలో మళ్లీ తెచ్చుకుంది. మార్కు వేసేటప్పుడు అవతల దాని కోసం ఎదురుచూసే మనుషులు కళ్ల ముందు మెదులుతారా అని అడుగు.

ఇంకొకటి, ధర. పెద్ద గేమ్ ఇప్పుడు నాలుగైదు వేలు. ఉచితంగా కాపీ అందుకునే మనిషి, సొంత డబ్బుతో చివరిసారి పూర్తి ధర పెట్టి కొన్న గేమ్ ఏదో అడుగు. ఈ ప్రశ్న మర్యాదగా, నవ్వుతూ అడగాలి. కానీ అడగాలి. అలాగే, రాసేసిన రివ్యూ దగ్గరికి మళ్లీ వెళతారా అని కూడా. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ 2016లో వచ్చినప్పుడు జనం తిట్టిపోశారు. చేసినవాళ్లు వదలకుండా ఏళ్ల తరబడి మెరుగుపరిచి వాళ్ల మెప్పు పొందారు. మొదటి వారం రాసిన రివ్యూ మాత్రం అలాగే ఉండిపోతుంది. దాన్ని ఏం చేయాలి? దీనికి నా దగ్గర జవాబు లేదు. మేం సవరణ వేసేవాళ్లం గానీ, అది అచ్చు తప్పులకు.

మీ పెద్దమ్మకు నీ ఇంటర్వ్యూ సంగతి చెబితే, గేమింగ్ అంటే ఆన్‌లైన్ రమ్మీ అనుకుని కంగారుపడింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినది అదని, ఇది వేరని చెప్పాను. మీ పత్రిక చదివే తల్లిదండ్రులకూ ఆ అనుమానం ఉంటుంది, ముందుమాటలో రెండు వాక్యాలు రాయి.

రికార్డరుతో పాటు నోటుపుస్తకం కూడా తీసుకెళ్లు. శనివారం మధ్యాహ్నం బస్సులో బాబాయి వస్తున్నాడు, మాగాయ, కందిపొడి పంపుతున్నాం. ఇంటర్వ్యూ అయ్యాక ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. మొదటి ప్రశ్నకు ఆయన ఏమన్నారో నాకు చెప్పాలి.

ఆ పాత సీపీయూ అటక మీదే ఉంది. పక్క రేకు మళ్లీ బిగించనే లేదు. స్క్రూలు నాలుగూ మీ అమ్మ కుట్టు డబ్బాలో, బొత్తాల కింద ఉన్నాయి, ఇవాళే చూశాను.

ప్రేమతో,
నాన్న