వేళచ్చేరి బండి సంగతి

పెరంబూరు, చెన్నై
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు.

నువ్వు కొందామనుకుంటున్న ఆ పాత ఆటోమేటిక్ ఫోర్ వీల్ బండి చూసి, "గేరుబాక్సు బాగుందా లేదా, ఒక్క ముక్కలో మెసేజ్ పెట్టు నాన్నా" అన్నావు. ఒక్క ముక్కలో తేలే బండయితే నిన్న మధ్యాహ్నమే పెట్టేసేవాణ్ణి. తేలలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఊఁ ఊఁ అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటుంటావు. అందుకే కాగితం తీశాను. నా కళ్లజోడు కాడ విరిగింది, మీ అమ్మది పెట్టుకుని రాస్తున్నా. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

బండి చూడ్డానికి రెండుసార్లు వెళ్లాల్సొచ్చింది. శనివారం చెప్పి వెళ్లాను, అది నా తప్పు. పొద్దున ఏడింటికి గేటు దగ్గరికి చేరి బానెట్ మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. "ఇప్పుడే పాలకెళ్లొచ్చాం సార్" అన్నాడు బండి ఓనరు. అర లీటరు పాల ప్యాకెట్టుకి రెండు టన్నుల బండి తీస్తారా ఎవరైనా? ఇంజను ముందే వేడి చేసి చూపించే బండి అంటే నాకు చెడ్డ అనుమానం. చల్లగా ఉన్నప్పుడు గేరుబాక్సు లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. పాతబడిన సీలు దగ్గర ఆయిలు ప్రెషరు కారిపోయి, ముందుకెళ్లే 'డి' వేశాక రెండు మూడు సెకన్ల దాకా బండి ఉలకదు పలకదు. పది నిమిషాలు తిరిగి వేడెక్కిందా, సీలు మెత్తబడి ఆ రోగం దాక్కుంటుంది. దీనికి సరిగ్గా తిరగబడే జబ్బులూ ఉన్నాయి. ఆయిలు కాగి పల్చబడ్డాక, అరిగిన పంపు ప్రెషరు కట్టలేక జారడం మొదలుపెడుతుంది. కాబట్టి చల్లగా ఒకసారి, బాగా కాగాక ఒకసారి చూడాలి. ఒకటే చూసి మాట చెప్పేవాడు నీకు సగం బండే చూపించినట్టు.

ఆ రోజు టీ తాగి వచ్చేశాను. ఈరోజు చెప్పకుండా అయిదున్నరకే వెళ్లి నిలబడ్డా. లుంగీతో, నోట్లో బ్రష్షుతో తలుపు తీశాడు. మొహం చిట్లించాడు కానీ తాళం ఇచ్చాడు. ఇంజను మంచుముద్ద. స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి 'ఆర్', అంటే రివర్సు, వేశా. సెకను లోపే మెత్తగా చిన్న కుదుపు. మళ్లీ న్యూట్రల్, ఆపైన 'డి'. అదీ అంతే. నాలుగుసార్లు వేసి చూశా, ఆలస్యం లేదు, దభీమని కొట్టడం లేదు. పాపం, నిన్న నిజంగానే పాలకెళ్లాడేమో.

తర్వాత, బండి కంప్యూటరు రాసి పెట్టుకున్న తప్పుల కోడ్లు చదివే స్కానర్ తగిలించా. కోడు ఒక్కటి కూడా లేదు. అది చూసి సంబరపడకు. కోడ్లు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా అందులో వస్తుంది. 23 అని చూపించింది. అడిగితే "బ్యాటరీ మార్చాం సార్" అన్నాడు. బ్యాటరీ కొత్తదే, ఒప్పుకోవాలి. దాన్ని విప్పినా చాలా బళ్లలో ఆ లెక్క సున్నా అవుతుంది, కొన్నిట్లో గేర్లు ఎప్పుడు ఎంత మెత్తగా మార్చాలో కంప్యూటరు నేర్చుకున్నదీ పోతుంది. అందుకని మొదటి అయిదు కిలోమీటర్లలో రెండు నుంచి మూడుకి మారేటప్పుడు తగిలిన చిన్న జర్కుని నేను లెక్కలో వేసుకోలేదు. తిరిగొచ్చేటప్పటికి అది సగం తగ్గింది కూడా.

ఇక గేరుబాక్సు ఆయిలు. ఈ బండికి లెవెల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, ఉంది, మన అదృష్టం. కొత్త బళ్లు చాలావాటికి అది తీసేశారు. అలాంటివాటికి కింద లెవెల్ బోల్టు విప్పి, ఆయిలు కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక చూడాలి. డిప్‌స్టిక్ ఉన్నా, చాలా బళ్లలో ఇంజను నడుస్తుండగా, ఆయిలు కాగాక, 'పీ'లో, అంటే పార్కింగులో, పెట్టి చూడాలి. ఇంజనాయిలు చూసినట్టు ఆపి చూస్తే లెక్క తప్పుతుంది. లెవెల్ సరిపోయింది. రంగు ఎరుపు పోయి ముదురు గోధుమ. రంగు చూసి భయపడే పనిలేదు, ఆ ఎరుపు వట్టి రంగే, వాడేకొద్దీ పోతుంది. ముక్కు చెప్పేదే అసలు మాట. తెల్ల టిష్యూ మీద ఓ చుక్క వేసి వాసన చూశా. మాడిన వాసన లేదు, అడుగంటిన పప్పు దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చినట్టుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగల్లేదు. 1,18,000 కిలోమీటర్లలో ఈ ఆయిలు ఒక్కసారి కూడా మారలేదని నా ఊహ. సర్వీసు పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. "జీవితకాలం మార్చక్కర్లేదని చెప్పారు సార్" అన్నాడు. ఎవరి జీవితకాలం అని అడగాలనిపించింది, ఊరుకున్నా.

బండి వేళచ్చేరిది అనగానే మీ అమ్మ భయం నీళ్ల గురించి. ఆ భయం న్యాయమే. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకీ అక్కడ వీధులు వీధులే మునిగాయి. గేరుబాక్సుకి గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు దాని నోటి దాకా వస్తే లోపలికి పోతాయి. పోతే క్లచ్ ప్లేట్ల మీద అంటించిన పొర ఊడిపోతుంది. ఇంకో దారి రేడియేటరు. గేరాయిలు చల్లబడే గొట్టం చాలా బళ్లలో దాని అడుగు ట్యాంకులోనే ఉంటుంది. అది లోపల చిల్లుపడితే కూలెంటూ ఆయిలూ కలిసి, మైలాపూరులో నీకిష్టమైన రోజ్ మిల్క్ రంగుకి వస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆ రంగు కనిపిస్తే బేరం ఆడకుండా బస్సెక్కి వచ్చేయాలి. ఇందులో లేదు. రేడియేటరు మూత కింద నూనె తెట్టు లేదు. సీటు బెల్టులు చివరంటా లాగి చూశా, బురద చార లేదు. సీట్ల కింద పట్టాలకి తుప్పు లేదు. మునగలేదనే నా నమ్మకం.

ట్రయల్‌కి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని జీఎస్టీ రోడ్డెక్కా. ఆదివారం ఆరింటికి ఆ రోడ్డు మనదే. కత్తిపారా ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కాలు లోపలికి నొక్కితే టక్కున కింది గేరుకి దిగి లాగింది, జారలేదు. పరంగిమలై కొండ రోడ్డులో నిలబెట్టి రివర్సులో పైకి ఎక్కించా. రివర్సుకి చాలా గేరుబాక్సుల్లో ఎక్కువ ప్రెషరు కావాలి, పంపులో నీరసం ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. ఎక్కింది. 'పీ'లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వదిలితే ఓ జానెడు కదిలి ఆగింది, అంత సహజమే.

తిరిగొచ్చేటప్పుడు దొరికింది అసలు విషయం. సరిగ్గా 70 స్పీడు దగ్గర, చదును రోడ్డు మీద, యాక్సిలరేటరు మీద కాలు ఊరికే ఆనించి వెళ్తుంటే బండి సన్నగా వణికింది. ఈత చాప మీద అరచెయ్యి ఈడ్చినట్టు. రెండు సెకన్లు. కాలు ఇంకాస్త నొక్కితే పోయింది. ఆయన సెల్లు చూసుకుంటున్నాడు, గమనించలేదు, లేదా అలవాటైపోయింది. ఇది ఇంజను మిస్సింగా, టైరు బ్యాలెన్సా, గేరుబాక్సా? ఓ చిన్న కిటుకు ఉంది, నువ్వూ నేర్చుకో. వణుకు వస్తుండగా కుడికాలు కదపకుండా, ఎడమకాలితో బ్రేకుని లైటు వెలిగేటంత మాత్రమే తాకాలి. వెనక బండి లేదని చూసుకో. ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేరుబాక్సుకి అందించే కన్వర్టరు లోపల లాకప్ క్లచ్ అని ఒకటి ఉంటుంది. వేగం కుదురుకున్నాక ఇంజన్నీ గేరుబాక్సునీ ఒకటిగా బిగించి పెడుతుంది, జారుడు నష్టం లేకుండా. బ్రేకు తాకగానే కంప్యూటరు దాన్ని వదిలేస్తుంది. తాకాను. ఆర్పీఎం ముల్లు కాస్త లేచింది, వణుకు ఠక్కున ఆగింది. కాలు తీశాక కాసేపటికి మళ్లీ పట్టుకుంది, మళ్లీ వణికింది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అదే. టైరు వణుకయితే బ్రేకు లైటుతో దానికేం పని? లాకప్ క్లచ్ పట్టీ పట్టనట్టు జారుతోంది. ఆయిలు పాతబడితే తరచుగా కనిపించే జబ్బే ఇది.

ఇంకోటి కూడా వినిపించింది. సిగ్నల్లో ఆగి కదిలేటప్పుడూ, కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడూ కింద నుంచి 'ఠక్'. "గేరుబాక్సులో చిన్న సౌండ్ సార్, అందుకే రేటు తగ్గించా" అని ఆయనే అన్నాడు. నేను మాట్లాడలేదు. బండి ఆపి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, న్యూట్రల్లో ఉంచి, చాప పరుచుకుని కింద దూరాను. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుని రెండు చేతులతో పట్టుకుని తిప్పితే వెనక క్రాస్, అంటే దాని చివర కీలు, దగ్గర ఆట. అదే ఆ 'ఠక్'. వేలల్లో పోయే పని.

ఆ శబ్దం గురించి నీకో సంగతి చెప్పాలి. పుదుపేట షెడ్డులో ఉన్నప్పుడు, కూనూరు టీ తోట నుంచి ఓ ఫోర్ వీల్ బండి వచ్చింది. ఇదే 'ఠక్'. కింద దూరి చూడకుండానే గేరుబాక్సు దింపించాను. అప్పట్లో ఆటోమేటిక్ విప్పగలనని నాకు గర్వం. ప్లేట్లు బాగానే ఉన్నాయి. దింపాక బాగున్నాయని చెప్పడానికి నోరు రాక కొత్తవి వేశాను. ఎక్కించాక ట్రయల్ కొడితే మళ్లీ 'ఠక్'. రాత్రికి రాత్రి షాఫ్టు క్రాస్ మార్చాను, శబ్దం పోయింది. పొద్దున ఆ తోట బండి ఆయన గేరుబాక్సు ఓవర్‌హాల్ బిల్లు మొత్తం కట్టి, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు. నీ పదో తరగతి ట్యూషన్ ఫీజు ఆ డబ్బే. మీ అమ్మకి తెలీదు, ఈ కాగితం బల్ల మీద వదిలేస్తే తెలుస్తుంది. అప్పట్నించి గేరుబాక్సు అనే మాట నా నోట్లోంచి రావాలంటే ముందు వీపుకి మట్టి అంటాలి.

ఫోర్ వీల్ సంగతి త్వరగా చెప్పేస్తా. ఇది పార్ట్ టైమ్ రకం, ముందు వెనక చక్రాల వేగాల తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఎండిన తారు మీద నాలుగు చక్రాలూ లాగే '4హెచ్' వేసి తిప్పితే ఆ తేడా పోయే దారి లేక బండి బిగదీసుకుని గెంతుతుంది. కొనడానికొచ్చినవాళ్లు చాలామంది దాన్ని చూసి గేరుబాక్సు పోయిందని పారిపోతారు. సకలేశపుర మట్టిరోడ్ల మీద వాడుకో, బెంగళూరు రింగు రోడ్డు మీద వద్దు. ఖాళీ స్థలంలో ఇసుక మీద '4హెచ్', నెమ్మదిగా బలంగా లాగే '4ఎల్' రెండూ వేశా, పడ్డాయి. ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు కూడా చూశా. మధ్య సీలు పోతే గేరాయిలు బయట చుక్క పడకుండా దాంట్లోకి వెళ్లిపోతుంది, ఇటు తగ్గి అటు పెరుగుతుంది. ఇక్కడ అలా లేదు. టైర్లు మాత్రం ముందువి కొత్తవి, వెనకవి అరిగినవి. దారంతో చుట్టుకొలత కొలిస్తే తేడా కనిపించింది. నాలుగూ ఒకటే చేసేదాకా '4హెచ్' ముట్టుకోకు.

స్టాల్ టెస్టు చేయలేదు. ఊరివాడి బండి మీద బ్రేకు తొక్కి నిండా రేసివ్వడం మర్యాద కాదు. చేసినా అయిదు సెకన్లు దాటకూడదు.

కొంటే ముందు చేయాల్సింది ఆయిలు. ఫ్లష్ మిషను పెట్టించకు, ఇన్నేళ్లు కదలని మడ్డిని ఒక్కసారిగా కదిలించడం నాకిష్టం లేదు. లోపల మొత్తం సుమారు 10 లీటర్లు ఉంటుంది, కింద బోల్టు విప్పితే 4 లీటర్లే దిగుతుంది. మార్చి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ మార్చు, అలా మూడుసార్లు. పాతది మొదటిసారికి నూటికి 60 వంతులు, రెండోసారికి 36, మూడోసారికి 22 మిగులుతుంది, లెక్క నువ్వూ వేసుకో. గ్రేడు పుస్తకంలో ఉన్నదే. ఎరుపు ఎరుపే కదా అనే షాపువాడి దగ్గర కొనకు, లాకప్ పట్టు ఆ ఆయిల్లో కలిపే మందుల మీదే ఆధారపడి ఉంటుంది. మొదటిసారి అడుగు ట్రే దింపినప్పుడు అయస్కాంతాల ఫొటో నాకు పంపు. బూడిదరంగు మెత్తటి గుజ్జయితే మామూలే. మెరిసే లోహపు ముక్కలుంటే వెంటనే ఫోన్ చెయ్యి. మూడుసార్లూ అయ్యాక కూడా వణికితే కన్వర్టరు దింపి, కోసి, కొత్త పట్టీ వేయించాలి. దానికి లక్ష పక్కన పెట్టుకునే ధర మాట్లాడాలి. ఆయన పదకొండున్నర లక్షలు అంటున్నాడు. పదింపావు దాటి నేనైతే ఇవ్వను. ఎన్ఓసీ, కర్ణాటక రోడ్డు ట్యాక్సు లెక్కలు అల్లుడికి అప్పగించు, వాటి జోలికి నేను రాను.

అడ్వాన్సు ఇవ్వలేదు. ఇంకెవరో బుధవారం చూడ్డానికి వస్తున్నారని ఆయన అంటున్నాడు, అది అందరూ అనే మాటే. అయితే ఆయిలు వేడి చూసే నా థర్మామీటరు గన్ను ఆ డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయి వచ్చాను. మంగళవారం ఎలాగూ వెళ్లాలి. ఈ కాగితాన్ని పక్కింటి కుర్రాడు ఫొటో తీసి ఇప్పుడే నీకు పంపుతానన్నాడు. సోమవారం రాత్రికి నీ మాట చెబితే ఒకే ట్రైనులో రెండు పనులూ చూసుకొస్తాను.

మీ నాన్న