జొన్న విత్తనం సంచి మీద నేల సంగతి కూడా రాయించండి

సంపాదకుడు గారికి,

తొలకరి వేళకు ఆలూరు, ఆదోని, పత్తికొండ విత్తనాల అంగళ్లలో హైబ్రిడ్ జొన్న సంచులు పేర్చి ఉంటాయి. సంచి మీద పెద్ద కంకి బొమ్మ, ఎకరాకు ఇన్ని క్వింటాళ్లన్న మాట, ఎన్ని రోజుల పంటో చెప్పే ఒక అంకె. ‘ఏది బాగా పండుతుంది?’ అని రైతు అడుగుతాడు. ‘పోయినేడు ఇదే ఎక్కువ అమ్ముడుపోయింది’ అని అంగడి ఆయన చెప్తాడు. నీది నల్లరేగడా, ఎర్రనేలా, మన్ను ఎంత లోతుంది, ఇప్పుడే విత్తుతావా, ఉత్తర కార్తె దాకా ఆగుతావా అని ఆయన అడగడు. అది ఆయన పని కాదనే అనుకుందాం. మా వైపు రైతు సేవా కేంద్రాల్లో కూడా ఆ ప్రశ్న వినపడకపోవడమే నా బాధ.

హైబ్రిడ్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 1964లో విడుదలైంది. ఆ తర్వాత సీఎస్‌హెచ్-5, 9, 16 లాంటివి వచ్చి ఖరీఫ్ జొన్న దిగుబడిని బాగా పెంచాయి. నీటి వసతి ఉన్నచోట వాటికి సాటి లేదు. గుంటూరు, బాపట్ల వైపు వరి కోసిన మాగాణిలో దున్నకుండానే జొన్న విత్తి, తడులిచ్చి తీస్తున్న దిగుబడి వింటే మెట్ట రైతుకు కళ్లు తిరుగుతాయి. ఆ చేల ఫొటోలే కరపత్రాలై మా దాకా వస్తాయి. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు అవి పనికొస్తాయేమో. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, మధ్యలో మూడు వారాలు చినుకు రాలకపోయినా ఎవరూ ఆశ్చర్యపోని చోట, తడి పెట్టి తీసిన అంకెను చూసి సంచి ఎట్లా కొనేది?

‘వాన తక్కువ కదా, తక్కువ రోజుల రకం వేసుకోండి’ అని ఒక సలహా తరచుగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. జూన్ ఆఖరులో విత్తిన 100 రోజుల హైబ్రిడ్‌కు సరిగ్గా సెప్టెంబరులో గింజ నిండుతుంది. మా వైపు వానలు గట్టిగా పడేది ఎక్కువగా ఆ నెలలోనే. నిండుతున్న కంకి నాలుగు రోజులు విడవకుండా తడిస్తే గింజకు బూజు పట్టి నల్లబడుతుంది, ఇక దాన్ని దాణాకు తప్ప ఎవరూ అడగరు. పాత నాటు జొన్నల్లో చాలావాటికి పగటి పొద్దు తగ్గితే గానీ పూత రాదు. నాలుగు రోజులు ముందు విత్తినా, వెనక విత్తినా వానలు ఆగాకే గింజ గట్టిపడేది. హైబ్రిడ్లకు ఆ పట్టింపు తక్కువ, వాటి రోజులు నిండగానే కోతకు వచ్చేస్తాయి. పదును (తేమ) నిలవని ఎర్రనేలలో తక్కువ రోజుల రకం తప్పదు, ఒప్పుకుంటాను. అట్లాంటప్పుడు బూజును తట్టుకునే రకం ఏది, కంకి ఒత్తుగా ఉంటుందా, గాలి ఆడేట్టు విడివిడిగా ఉంటుందా అని చూడాలి. గింజ అడుగున నల్లచుక్క కనబడగానే కోసి ఆరబెట్టుకోవచ్చని కూడా రైతుకు తెలియాలి. ఇందులో ఏ ఒక్కటీ సంచి మీద ఉండదు.

రబీలో నల్లరేగడి కథ పూర్తిగా వేరు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తిన జొన్న మన్నులో దాగిన పదును మీదే బతకాలి. మీటరు లోతు రేగడి ఉన్న కోయిలకుంట్ల చేనుకూ, అడుగున్నర కిందే గరుసు తగిలే మా చేనుకూ ఆ నిలవలో సగానికి సగం తేడా ఉంటుంది. రెండు చోట్లా ఒకే హైబ్రిడ్ వేస్తే పూత దాకా రెండూ ఒకేలా ఏపుగా కనిపిస్తాయి. చుట్టాలకు చూపించుకోవచ్చు. ఆ తర్వాత మా చేనులో అడుగు పదును అయిపోతుంది. కంకి పెద్దది, దాన్ని నింపడానికి మొక్క తన కాండంలో దాచుకున్నదంతా పైకి లాగేస్తుంది. డొల్లబడిన కాండం మొదట్లోకి మసికుళ్లు తెగులు దిగుతుంది, ఒక మోస్తరు గాలికే చేను పడిపోతుంది. పడిన చేనులో యంత్రం సరిగ్గా నడవదు, కూలోళ్లు రెట్టింపు అడుగుతారు.

అందుకని రబీ రకంలో మొదట చూడాల్సింది పూత తర్వాత కూడా ఆకు పచ్చగా నిలుస్తుందా, మొదలు గట్టిదా, మొలక దశలో మొవ్వు ఈగను తట్టుకుంటుందా అని. దిగుబడి అంకె ఆ తర్వాతే. 1930ల్లో సోలాపూర్ వైపు ఎంపిక చేసిన మాల్దండి ఎం 35-1 అనే రకం ఇన్ని హైబ్రిడ్లు వచ్చాక కూడా దక్కనులో రబీ జొన్నకు పెద్దదిక్కుగా ఉందంటే ఈ గుణాల వల్లే. సీఎస్‌హెచ్-15ఆర్, సీఎస్‌వీ-22ఆర్ అని పేరు చివర ‘ఆర్’ ఉంటే అది రబీకి పెంచిన రకమని అర్థం. ఆ ఒక్క అక్షరం గురించి అయినా కొనేవాళ్లకు చెప్తే బాగుండు. విత్తే మోతాదు కూడా అంతే. ఎకరాకు ఖరీఫ్‌లో సుమారు 72 వేల మొక్కలు, రబీలో 54 వేలే ఉండాలని సిఫారసు. రెండు కాలాలకూ అంతే బరువున్న సంచి అమ్ముతారు. మొలిచాక పలచన చేయమని చెప్పేవాళ్లుండరు. పదును తక్కువున్న చేనులో ఒత్తుగా మొలిచిన పైరు పరిస్థితి చెప్పక్కర్లేదు.

గింజ ఒక్కటే చూసుకుంటే మా లెక్క తేలదు. పొట్టి హైబ్రిడ్లకు చొప్ప తక్కువ. రెండు ఎనుములున్న ఇంటికి ఎండాకాలంలో చొప్ప కొనాల్సి వస్తే గింజ మీద మిగిలిందంతా అక్కడే పోతుంది. ఇక ధర. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు, మాల్దండికి 3,749. తేడా 50 రూపాయలే. రొట్టెలకు కొనేవాళ్లు తెల్లగా మెరిసే లావు గింజే అడుగుతారు, కోళ్ల దాణాకు కొనేవాళ్లకు ఆ పట్టింపు లేదు. ఎవరికి అమ్మాలో ముందే తేల్చుకున్న రైతే రకాన్ని సరిగ్గా ఎంచుకోగలడు. 2023లో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని ఫ్లెక్సీల నిండా జొన్నరొట్టె బొమ్మలు వేశారు. ఆ ఫ్లెక్సీల ఖర్చులో కొంత ఈ సమాచారానికి పెట్టి ఉండాల్సింది.

సమాచారం లేక కాదు ఈ తిప్పలు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ఎన్టీజే పేరుతో తెల్లజొన్న రకాలు ఇచ్చింది. అక్కడి ఎన్-13 జొన్న వేళ్ల మీద బతికే మల్లె కలుపును తట్టుకునే రకంగా బయటి దేశాల శాస్త్రవేత్తలకు కూడా తెలుసు. హైదరాబాద్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. ఏటా పలు చోట్ల రకాలను పోల్చి చూస్తూనే ఉన్నారు. ఆ ఫలితాలు ఇంగ్లీషు నివేదికల్లో ఉండిపోతున్నాయి.

నేను అడిగేది ఇదీ. మండలానికి ఒక నల్లరేగడి చేను, ఒక ఎర్రనేల చేను తీసుకుని, తడి పెట్టకుండా వాన మీదే, ప్రైవేటు హైబ్రిడ్లు, ప్రభుత్వ హైబ్రిడ్లు, నంద్యాల సూటి రకాలు (హైబ్రిడ్ కానివి) పక్కపక్కనే వేయాలి. సూటి రకాలను వదిలేయొద్దు. వాటి విత్తనం ఇంట్లో దాచుకోవచ్చు, మొలక ఎండిపోయి మళ్లీ విత్తాల్సి వస్తే చేతిలో ఉంటుంది. హైబ్రిడ్ అయితే మళ్లీ సంచి కొనాల్సిందే. గింజ ఎంత, చొప్ప ఎంత, చేను పడిందా, బూజు పట్టిందా అన్నది తెలుగులో రాసి పెట్టాలి. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఫలితాలు దాచకూడదు, మాకు బాగా పనికొచ్చేవి అవే. ‘పొలం పిలుస్తోంది’ కార్యక్రమంలో అధికారులు ఎట్లాగూ చేల మీదికి వస్తున్నారు, రైతులను ఈ చేల దగ్గరికే పిలిస్తే సరిపోతుంది.

కంపెనీలు కూడా సంచి మీద రెండు ముక్కలు అదనంగా రాయాలి. 1966 విత్తన చట్టం కింద లేబుల్ మీద మొలక శాతం, స్వచ్ఛత, లాట్ నంబరు ఉంటాయి. జొన్నకు కనీస మొలక 75 శాతం. విత్తనం మొలుస్తుందని దాన్ని బట్టి తెలుస్తుంది గానీ మా చేనులో నిలుస్తుందో లేదో తెలియదు. ఆ దిగుబడి అంకె ఏ నేలలో, ఏ కాలంలో, తడి మీద వచ్చిందా, వాన మీద వచ్చిందా అన్నది అంకె పక్కనే అచ్చు వేయాలి.

కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీసత్యసాయి, కడప జిల్లాల వ్యవసాయాధికారులు ఈ ఉత్తరం చూస్తారని ఆశిస్తున్నాను. ఖరీఫ్ రకాల ఫలితాలు మే నెల సగానికి, రబీవి ఆగస్టు ఆఖరుకు రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి. అంగడికి పోయేముందు చూసుకుని పోతాం.

ఇట్లు
ఒక జొన్న రైతు,
ఆలూరు మండలం, కర్నూలు జిల్లా