మా చెల్లెలి ఆపరేషన్‌కి అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఆపరేషన్ అయి కావలికి వచ్చేసింది, ఇంట్లో నెమ్మదిగా తిరుగుతోంది. రోజూ ఫోన్ చేసి కనుక్కున్న అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. తను రాయమంటేనే ఇదంతా రాస్తున్నా.

కుడి గజ్జలో మెత్తటి వాపు. మొదట చూసిన చోట హెర్నియా అన్నారు, ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. నెల్లూరులో ఇంకొకరికి చూపించాల్సిందేనని పట్టుబట్టింది మా అత్తయ్య. ఆమెకు ఎంత చెప్పినా తక్కువే.

ఆ నెల్లూరు సర్జన్‌గారు చెల్లెల్ని నిలబెట్టి దగ్గమన్నారు. తర్వాత పడుకోబెట్టి, వాపు మీద అరచెయ్యి ఆనించి మళ్ళీ దగ్గమన్నారు. "హెర్నియా అయితే పడుకుంటే చాలావరకు లోపలికి పోతుందమ్మా, దగ్గితే చేతికి తగులుతుంది. ఇది ఉన్నచోటే ఉంది. ఎమ్మారై చూడకుండా కోయను" అన్నారు. ఆ ఒక్క మాట మా చెల్లెల్ని కాపాడింది.

బయటికి కనబడింది కొస మాత్రమే. గడ్డంతా లోపల, కటి భాగంలో ఉంది. పొరలు పొరలుగా సుడి తిరిగినట్టున్న దాన్ని రేడియాలజిస్ట్ మేడమ్ స్క్రీన్ మీద ఓపిగ్గా చూపించారు. బయాప్సీలో 'అగ్రెసివ్ యాంజియోమిక్సోమా' అని తేలింది. 1983లో స్టీపర్, రోసాయ్ అనే డాక్టర్లు మొదట వివరించిన అరుదైన గడ్డ ఇది. ఎక్కువగా పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకే వస్తుందట. ఆ పేరు విని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. వేరే అవయవాలకు పాకడం చాలా అరుదనీ, తీసినచోటే మళ్ళీ పెరిగే గుణం మాత్రం ఉందనీ డాక్టర్‌గారు విడమరచి చెప్పాకే టెన్షన్ కాస్త తగ్గింది. హెర్నియా అనుకుని పైపైన కోసుంటే లోపలిదంతా మిగిలిపోయేది.

కార్డు కాగితాలన్నీ దగ్గరుండి చూసిన వైద్యమిత్ర తమ్ముడికి, రాత్రిళ్ళు కసురుకోకుండా చూసుకున్న సిస్టర్లకి దండాలు. ఒంగోలు నుంచి పొద్దున్నే పినాకిని ఎక్కి వచ్చి రక్తం ఇచ్చిన ఇద్దరు అబ్బాయిలు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాయనా, మీ అమ్మానాన్నలు చల్లగా ఉండాలి.

ఇకపై కొన్నేళ్ళపాటు ఎమ్మారై తీయించుకుంటూ ఉండాలి. మొదటిది సంక్రాంతి తర్వాత. ఆ చోట వాపంటే ఎవరికీ చెప్పుకోలేక చెల్లెలు చాలాకాలం లోలోపలే నలిగిపోయింది. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరికైనా అలాంటిది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, తనే మాట్లాడతానంది.