1974 డేవిస్ కప్ ఫైనల్ గురించి ఒక మాట

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ స్పోర్ట్స్ పేజీలో మన టెన్నిస్ చరిత్ర మీద వచ్చిన ఆర్టికల్ బాగుంది సార్, కానీ దేశాల టీమ్‌లు పోటీపడే 1974 డేవిస్ కప్ ఫైనల్ దగ్గరికొచ్చేసరికి రాజకీయాల వల్ల కప్పు పోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివి ఊరుకోలేక రాస్తున్నా. ఆ ఏడు అమృత్‌రాజ్ అన్నదమ్ములు విజయ్, ఆనంద్ కలకత్తాలో ఆస్ట్రేలియాని, పూనాలో సోవియట్ యూనియన్‌ని కొట్టి ఫైనల్‌కి తీసుకెళ్ళారు, తీరా చూస్తే అవతల సౌతాఫ్రికా, మన వాళ్ళు ఆడేది లేదన్నారు, బంతి ముట్టకుండానే కప్పు వాళ్ళకెళ్ళింది. మనకి ఇప్పటిదాకా ఆ కప్పు రాలేదు. ఆడాల్సిన కుర్రాళ్ళకి కడుపుమంట ఉండదా, తప్పకుండా ఉంటుంది. కానీ ఆటలోకి రాజకీయం తెచ్చింది మనమా?

సౌతాఫ్రికాలో 1948లో తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చాక బడి, బస్సు, బీచ్, ఉండే పేట అన్నీ రంగుని బట్టే, గ్రౌండ్లు కూడా అంతే. దేశం తరఫున ఆడే టీమ్‌లో తెల్లవాళ్ళే ఉండాలి. డర్బన్‌లో పాప్వా సెవ్‌గోలమ్ అని మన ఇండియన్ సంతతి ఆయన ఒకరు ఉండేవాడు, గోల్ఫ్ కోర్సులో ఆటగాళ్ళ బ్యాగులు మోసే క్యాడీగా ఉంటూ ఆట నేర్చుకున్నాడు, క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకునే తీరు కూడా తిరగేసి, అందరికీ కుడిచెయ్యి కిందుంటే ఈయనకి ఎడమచెయ్యి కింద. యూరప్ వెళ్ళి డచ్ ఓపెన్ గెలిచొచ్చాడు. 1963లో సొంత ఊళ్ళో నాటల్ ఓపెన్ గెలిస్తే, క్లబ్‌హౌస్ లోపల తెల్లవాళ్ళు కూర్చున్నారు, ఈయన్ని మాత్రం లోపలికి రానివ్వకుండా వానలో బయట నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. ఆ ఫొటో దేశదేశాల పేపర్లలో పడింది. 1965లో అదే టోర్నీలో వాళ్ళ తెల్ల స్టార్ గోల్ఫర్ గ్యారీ ప్లేయర్‌నే ఓడించాడు, తర్వాత అసలు టోర్నీలే ఆడనివ్వలేదు. 1978లో పోయాడు పాపం, మార్పేమీ చూడకుండానే. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి, డర్బన్ ఉన్న నాటల్ ప్రాంతంలోని చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, డర్బన్‌లో ఈ రోజుకీ నాయుడు అనే ఇంటిపేరు వినపడుతుంది. వాళ్ళనీ ఇదే చట్టాలు తొక్కాయి. మన దేశం 1946లోనే అక్కడితో వ్యాపారం ఆపేసింది కదా, మరి 1974లో వెళ్ళి టెన్నిస్ ఎలా ఆడతాం?

ఆడుతూ ఉంటే వాళ్ళే మారతారు అనే వాదన అప్పుడూ గట్టిగానే ఉండేది. ఎంత మారారో క్రికెటర్ బేసిల్ డొలివెరా కథలో తెలిసిపోయింది. కేప్‌టౌన్‌లో పుట్టినా రంగు వల్ల అక్కడ చాన్స్ లేక ఇంగ్లాండ్ వెళ్ళి స్థిరపడ్డాడు, 1968లో ఇంగ్లాండ్ తరఫున ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టినా సౌతాఫ్రికా టూర్‌కి ముందు తీసుకోలేదు, టీమ్‌లో ఉన్న కార్ట్‌రైట్‌కి గాయమైతే అప్పుడు తీసుకున్నారు, దానికే సౌతాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఈ టీమ్ మాకొద్దన్నాడు, టూర్ క్యాన్సిల్. ఒక్క బ్యాట్స్‌మన్ రంగు కోసం టూరే వద్దనుకున్న వాళ్ళ దగ్గర ఆటని రాజకీయాలకి దూరంగా ఉంచాలని మనం పాఠాలు వినాలా?

వాళ్ళతో ఆడొద్దన్న మాట న్యూజిలాండ్ వాళ్ళు మాత్రం చాలాకాలం వినలేదు. 1960లో తమ దేశపు మూలవాసులైన మావోరీలని వదిలేసి మరీ రగ్బీ టీమ్‌ని సౌతాఫ్రికాకి పంపారు. 1976లో సౌతాఫ్రికాలోని సొవెటోలో స్కూలు పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపిన కొద్ది రోజులకే మళ్ళీ టూర్‌కి వెళ్ళారు, అలాంటి న్యూజిలాండ్‌ని ఒలింపిక్స్‌లో ఆడనిచ్చినందుకు నిరసనగా 20కి పైగా ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్స్ వదిలేసి ఇంటికెళ్ళిపోయాయి. 1981లో సౌతాఫ్రికా రగ్బీ టీమే న్యూజిలాండ్ వచ్చినప్పుడు హామిల్టన్‌లో మామూలు జనం కంచె పీకేసి గ్రౌండ్ మధ్యలోకొచ్చి నిలబడ్డారు, మ్యాచ్ ఆగిపోయింది, అక్కడ సౌతాఫ్రికాలో తెల్లవాళ్ళు లైవ్ చూద్దామని పొద్దున్నే లేచి టీవీల ముందు కూర్చుంటే కనపడింది ఇదీ!

నష్టపోయిన వాళ్ళు లేరనను. సౌతాఫ్రికా బ్యాట్స్‌మన్ బ్యారీ రిచర్డ్స్ అంతటివాడికి 4 టెస్టులే దక్కాయి, అతను చట్టాలు చేసినవాడేం కాదు. అయితే 1971లో కేప్‌టౌన్‌లో ఒక క్రికెట్ మ్యాచ్‌లో ఒక్క బంతి పడగానే ఆ తెల్ల ఆటగాళ్ళే, రిచర్డ్స్‌తో సహా, గ్రౌండ్ వదిలి బయటికొచ్చి రంగు కాదు ప్రతిభ చూసి టీమ్ ఎంపిక చెయ్యమని అడిగారు, టూర్లు ఒక్కొక్కటే పోతున్నాయన్న భయం లేకపోతే అడిగేవాళ్ళంటారా? నాకు నమ్మకం లేదు. బహిష్కరణ ఒక్కటే ఆ ప్రభుత్వాన్ని దించిందని కూడా అనను, అక్కడి జనం జైళ్ళకెళ్ళి, ప్రాణాలిచ్చి సాధించుకున్నది అది.

చట్టాలు ఎత్తేస్తుండగా 1991 నవంబర్‌లో సౌతాఫ్రికా వాళ్ళు అంతర్జాతీయ క్రికెట్‌లోకి తిరిగొచ్చి మొదటి మ్యాచ్ ఆడింది మన ఈడెన్ గార్డెన్స్‌లోనే, దాని గురించి మీ పేపర్లో చాలాసార్లు చదివా. 1974 గురించి కూడా అలాగే ఓ అరపేజీ ఇవ్వండి సార్, ఆ టీమ్‌లో వాళ్ళ మాటలూ వేయండి, కోపం ఉంటే ఆ కోపంతో సహా. కుదిరితే పాప్వా వానలో నిలబడ్డ ఫొటో పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం