కార్యదర్శి వార్షిక నివేదిక: స్వెటర్లు, రాట్నాలు, మిగతా సంగతులు

గౌరవ అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధన. కిందటేడు నేను చదువుతుండగానే సగం హాలు టిఫిన్ బల్ల వైపు కదిలింది కాబట్టి ఈసారి ముందుగానే అచ్చు వేయించి పంచుతున్నాం. తీరిక చూసుకుని చదువుకోండి. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే, వాటిని మళ్లీ రాయడం లేదు.

ఈ ఏడాది చేసిన పని రెండు రకాలు. ఏజెన్సీ హాస్టల్ పిల్లలకు స్వెటర్లు, టోపీలు అల్లడం ఎప్పటిలాగే జరిగింది. కొత్తగా రాట్నం మీద నూలు వడకడం మొదలుపెట్టాం. ముందు పాత పని సంగతి చెప్తాను.

విశాఖపట్నంలో స్వెటర్లు అల్లడమేమిటని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సంక్రాంతికి కూడా ఫ్యాన్ వేసుకునే ఊరు మనది, నిజమే. కానీ ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి, లంబసింగి వైపు వెళ్తే డిసెంబరు తెల్లవారుజామున పది అడుగుల దూరంలో మనిషి కనపడడు. పర్యాటకులు ఆ మంచు చూడటానికి కార్లలో వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, వేడి టీ తాగి దిగిపోతారు. అక్కడి హాస్టల్ పిల్లలు అదే మంచులో చన్నీళ్లు పోసుకుని, పల్చటి యూనిఫాం చొక్కాతో ప్రార్థనకి నిలబడతారు. వాళ్ల కోసమే ఈ పని.

ఏ దారంతో అల్లాలన్న గొడవ ఈసారి కూడా తేలడానికి రెండు సమావేశాలు పట్టింది. స్వచ్ఛమైన ఉన్నే వాడాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు. ఉన్ని వెచ్చగా ఉంటుందనడంలో ఎవరికీ సందేహం లేదు. కానీ హాస్టల్ పిల్లాడు దాన్ని సబ్బు పెట్టి బండ మీద బాదుతాడు. రెండు ఉతుకుల్లో అది ముద్దకట్టి, వాడి తమ్ముడికి కూడా పట్టనంత కుంచించుకుపోతుంది. అందుకని లూధియానా నుంచి వచ్చే అక్రిలిక్ దారానికే ఓటు పడింది. నాకూ ఉన్నే ఇష్టం, అయినా ఓటు అక్రిలిక్‌కే వేశాను.

ఇక్కడ కొంచెం కటువుగా రాయక తప్పదు. జులైలో దారం పంచిన రోజు హాల్లో కుర్చీలు చాలలేదు. నవంబరులో అల్లినవి తిరిగి తెమ్మన్న రోజు మాత్రం కుర్చీలు ఖాళీ. దారం ఉండలు పట్టుకెళ్లినవారిలో కొందరు ఫోన్ ఎత్తలేదు. కొందరు వాట్సాప్ గ్రూపులో రోజూ దండం బొమ్మలు పెడుతూనే ఉన్నారు, దారం సంగతి అడిగితే మాత్రం ఆ పూట ఆన్‌లైన్‌లో ఉండరు. ఒక స్వెటర్ ముందు భాగం సీతమ్మధార నుంచి, వెనక భాగం మధురవాడ నుంచి వచ్చాయి. చేతులు ఎవరి దగ్గరున్నాయో సంక్రాంతి దాకా తెలియలేదు. తీరా అవి వచ్చాక చూస్తే మూడూ ఒకదానికొకటి సరిపోలేదు. ఒకే దారం, ఒకే నంబరు సూదులు, ఒకే లెక్క కుట్లు అయినా ఒకరి చెయ్యి బిగుతు, ఇంకొకరి చెయ్యి వదులు. ముందు భాగం కన్నా వెనక భాగం రెండు వేళ్లు పొడుగొచ్చింది. ఎంవీపీ కాలనీ జట్టులోని పెద్దమ్మగారు దాన్ని మొత్తం విప్పి, ఉండ చుట్టి, ఒక్క చేత్తో మళ్లీ అల్లారు. ఆవిడకు సంఘం రుణపడి ఉంది. ఇక మీదట ఒక స్వెటర్ మొదలుపెట్టినవారే దాన్ని పూర్తి చేయాలని కార్యవర్గం తీర్మానించింది. అంత తీరిక లేనివారు టోపీలు అల్లండి. మెడపట్టీ బాధ లేదు, చేతులు కలిపే బాధ లేదు, రిబ్ అంచు ఒక్కటి కుదిరితే చాలు.

అల్లినవాటిని పిల్లలకు చేర్చడం ఇంకో కథ. డిసెంబరు మొదటి వారంలోనే పంచాలని మన ఆలోచన. దానికో అనుమతి కాగితం కావాలన్నారు. కాగితం కోసం వెళ్తే సారు క్యాంపులో ఉన్నారన్నారు. సారు వచ్చాక ఫైలు క్యాంపుకి వెళ్లిందన్నారు. మన ఉపాధ్యక్షులు పెద్ద వయసులో ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కిదిగారో ఆయన మోకాళ్లనే అడగాలి. కాగితం చేతికొచ్చేసరికి జనవరి నెలాఖరు అయింది, చలి సగం తగ్గిపోయింది. ఒక పిల్ల టోపీ పెట్టుకుని అద్దం లేక నా కళ్లజోడులో చూసుకుంది. ఆ టోపీ డిసెంబరులోనే దాని నెత్తిన ఉండాల్సింది.

ఇక రాట్నం.

మన తెలుగువాళ్లకు రాట్నం కొత్తదేమీ కాదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో దేశమంతటా ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించారు. పింగళి వెంకయ్య గారి జెండా మీద రాట్నం ఎక్కిందీ ఆ రోజుల్లోనే. ఆయన పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారని చాలామందికి తెలియదు. ఇంత చరిత్ర ఉన్నా, మన సభ్యుల్లో రాట్నాన్ని దగ్గరగా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మా అమ్మమ్మ వడికేది అని చెప్పేవాళ్లు చాలామంది, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం కదా అని పెట్టె రాట్నాలు తెప్పించాం. మూత వేస్తే చేతిపెట్టె. మూత తీస్తే లోపల పెద్ద చక్రం, చిన్న చక్రం, నూలు చుట్టుకునే సన్నటి ఇనప పుల్ల, అదే కదురు. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిప్పితే కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. కుడి చేత్తో చక్రం తిప్పాలి, ఎడమ చేత్తో ఏకు, అంటే వత్తిలా చుట్టిన దూది, పట్టుకుని వెనక్కి లాగాలి. చెప్పడానికి ఇంతే.

చేయబోతే ఏమవుతుందో నేర్చుకున్నవారందరికీ తెలుసు. చెయ్యి ముందు లాగి చక్రం వెనక తిప్పితే పురి, అంటే మెలి, ఎక్కక పోగు విడిపోతుంది. చక్రం ఎక్కువ తిప్పితే పురి మితిమీరి పోగు మెలికలు పడి ముడుచుకుంటుంది. ఏకును భయంతో గట్టిగా నొక్కిపడితే పత్తి జారదు, అక్కడికక్కడే తెగుతుంది. చెయ్యి చాచినంత పోగు వచ్చాక ఆగి, చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, పోగును కదురు మొన నుంచి దించి, అడ్డంగా పట్టుకుని చుట్టాలి. ఆ వెనక్కి తిప్పడం మరిచిపోతే కదురు చివర చిక్కు పడుతుంది. మొదటి నెల హాలు నేలంతా తెగిన పోగులే. వాచ్‌మన్ ఊడ్చి ఊడ్చి విసిగిపోయి, ఇంట్లో దిండుకి పనికొస్తుందని మూటకట్టుకుపోయాడు. మన ఏడాదిలో వృథా కాని వృథా అదొక్కటే.

మధ్యలో ఒక రాట్నం ఎవరి చేతిలోంచో జారి కదురు వంగింది. కంటికి కనపడనంత వంపే, కానీ తిప్పితే మొన వణుకుతుంది, పోగు నిలవదు. ఫర్నిచర్ పనివాళ్లు మా వల్ల కాదన్నారు. చివరికి గాజువాకలో లేత్ పని చేసే తమ్ముడు ఒకరు దాన్ని సాపు చేసి ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. ఇదేం సామానండీ అని అడిగారట. చెప్తే, ఆదివారం వాళ్లమ్మని తరగతికి తీసుకొచ్చారు. ఇప్పుడు ఆవిడ మన అందరికన్నా సన్నగా వడుకుతున్నారు.

అల్లికకీ వడుకుకీ సంబంధమేమిటని మొదట్లో కొందరు అడిగారు. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో పోగు లావుగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. ఆ నూలు మగ్గానికి పనికిరాదు. సూదులకైతే లావు దారమే కావాలి. అలా మన చేతకానితనం కలిసొచ్చింది. అయితే ఒంటి పేట నూలుతో అల్లిన మొదటి టోపీ ఒక పక్కకి ఒరిగిపోయింది. అల్లినవారి తప్పు కాదు, పురి అంతా ఒకే వైపు ఉంటే అల్లిక కూడా అటే లాగుతుంది. రెండు పోగుల్ని కలిపి, వడికిన దిక్కుకి ఎదురు దిక్కులో పురి పెడితే రెండు పేటల దారమై నిలకడగా ఉంటుంది. ఆ తరవాత ఆ దారాన్ని చిలపగా, అంటే వదులు కట్టగా, చుట్టి, నీళ్లలో మరగబెట్టి, ఆరేసుకోవాలి. పురి కుదురుకుంటుంది, మళ్లీ విడిపోదు. ఇవన్నీ మా రిటైర్డ్ ఫిజిక్స్ మేష్టారు బోర్డు మీద బొమ్మలేసి చెప్పారు. ఆయన తరగతులు కాస్త పొడుగు, అది వేరే విషయం.

ఈ ఏడాదికి మనం గర్వంగా చెప్పుకోవాల్సింది శ్రీకాకుళం జిల్లాలో సన్న ఖాదీకి పేరున్న పొందూరు ప్రయాణం. తెల్లవారుజామున రైలెక్కి, చేతుల్లో రాట్నం పెట్టెలతో పొందూరు స్టేషన్‌లో దిగితే, ఏవో హార్మోనియం పెట్టెలనుకుని భజన ఎక్కడమ్మా అని అడిగారొకరు. గాంధీగారి ‘యంగ్ ఇండియా’ పత్రికకెక్కిన నూలు పొందూరుది. 1949లో ఏర్పడిన అక్కడి ఖాదీ కార్మికుల సంఘం ఇప్పటికీ పని చేస్తోంది. పత్తిని గింజ మీద ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని మనం వినడమే గాని చూడలేదు. ఆ దవడ అరచేతి వెడల్పు కూడా ఉండదు. దాని నిండా సూదుల్లాంటి సన్నటి పళ్లు. ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూదిని దానితో దువ్వి, నలుసు లేకుండా, పోగులన్నీ ఒకే దిక్కుకి వచ్చేలా చేస్తారు. తరవాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు. ఆ మీదట ఏకడం, అంటే దూదిని విడదీసి మెత్తగా చేయడం. ఏకులు చేసి, చెమ్మ తగలకుండా, చెదరకుండా ఎండిన అరటి డొప్పలో చుట్టి పెట్టుకుంటారు. అప్పుడు గాని ఒంటి కదురు రాట్నం ముందు కూర్చోరు. మనం తరగతిలో ఏకులు కొనుక్కుని, వడకడమే మొత్తం పని అనుకున్నాం. వడకడం చివరి మెట్టు.

నూలు ఎంత సన్నమైతే కౌంటు అంత ఎక్కువ. అక్కడివారు వడికే నూలు 100 కౌంటు, ఒక్కోసారి ఇంకా పైన. అంటే ఒక పౌను, మన లెక్కలో 454 గ్రాముల నూలు సాగదీస్తే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. మన నూలు కౌంటు రాయడానికి మొహమాటంగా ఉంది. అయినా ధైర్యం చేసి మన చిలప ఒకటి అక్కడి మామ్మగారికి చూపించాం. ఆవిడ వేళ్ల మధ్య ఒకసారి నలిపి, “ఏటి తల్లీ, నూలు వడికినారా, పలుపుతాడు పేనినారా?” అన్నారు. హాలంతా నవ్వు. తరవాత ఆవిడే మన అధ్యక్షురాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ చేతి వేళ్లు ఎంత వదులుగా ఉండాలో తన వేళ్లతో పట్టి చూపించారు. మరి కాస్త, మరి కాస్త అంటూ, చెయ్యి భుజం వెనక్కి వెళ్లేదాకా లాగించారు. పోగు తెగలేదు. అధ్యక్షురాలి కళ్లలో నీళ్లు తిరిగాయని నివేదికలో రాయొద్దన్నారు, రాస్తున్నాను.

ఆ మామ్మగారి తరవాత ఆ ఇంట్లో వడికేవాళ్లు లేరు. కోడలు వేరే పనికి వెళ్తోంది, వడుకు మీద వచ్చేది కూరగాయలకే చాలదంది. ఆ మాటకి మనవైపు ఎవరి దగ్గరా జవాబు లేదు. చీర బేరమాడుతున్న మన సభ్యులు మాత్రం అక్కడితో ఆపారు.

అక్టోబరు 2న బీచ్ రోడ్డులో బహిరంగంగా రాట్నాలు తిప్పాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ ఫొటో దిగి వెళ్లారు. పత్రికలో ఆ ఫొటోనే వచ్చింది, మన పేరు రాలేదు. ఎండలో పొద్దున్నించీ వడికిన పదో తరగతి పిల్లల్ని ఎవరూ ఫొటో తీయలేదు. వాళ్లకి ఈ వేదిక మీద నుంచి అభినందనలు.

తెలంగాణ కోడలు ఒకరు సిద్దిపేట వైపు నుంచి గొంగళ్లు నేసే దక్కనీ గొర్రె ఉన్ని తెచ్చారు. వడికితే పత్తి కన్నా సులువుగానే సాగింది, కానీ మెడకు గుచ్చుకుంటుంది. దానితో కుర్చీ ఆసనాలు అల్లుతున్నాం.

కృతజ్ఞతలు చెప్పాల్సినవారు ఎందరో. హాలు అద్దె తగ్గించిన కాలనీ సంఘానికి, పొందూరులో అన్నం పెట్టి పంపిన ఇంటివారికి, చింతపల్లి దాకా మూటలు మోసిన వ్యాను డ్రైవరుకి, మూటలు కట్టిన పెందుర్తి జట్టుకి, కళ్ల ఆపరేషన్ అయిన నెలకే మళ్లీ సూదులు పట్టిన మన మామ్మగారికి, ఆవిడని వద్దని ఆపలేకపోయిన మనవరాలికి, దారం కొట్టు సేటుగారికి, మన అరుపులు భరించిన పై అంతస్తు ట్యూషన్ సెంటరువారికి, ఆదివారాలు వంట చేసుకుని తిన్న భర్తలందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే ఫోన్ చేసి తిట్టండి, గ్రూపులో వద్దు.

లెక్కలు: రుసుములు, విరాళాలు వచ్చాయి. దారం, రాట్నాలు, హాలు, వ్యాను ఖర్చయ్యాయి. కొద్దిగా లోటు ఉంది, రాట్నాల వల్ల. పూర్తి వివరాలు కోశాధికారి గారి బల్ల మీద ఉన్నాయి, ఆడిటరు సంతకం కూడా ఉంది. ప్రశ్నలు ఆయన్నే అడగండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదనలు: దారం తీసుకునేటప్పుడు కొంత డిపాజిట్ కట్టాలి, అల్లి ఇచ్చాక తిరిగి ఇస్తాం. అనుమతి కాగితానికి జూన్‌లోనే దరఖాస్తు పెడతాం. పొందూరు నుంచి వడికే మహిళను నెలకోసారి పిలిపించి, కూలి, రానుపోను ఖర్చులు ఇచ్చి పాఠం చెప్పించుకోవాలి. ఉచితంగా రమ్మని అడిగే ఉద్దేశం ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. కార్యదర్శి పదవికి కూడా ఎన్నిక ఉంది. పోటీ చేయాలనుకునేవారు ముందుగా కిందటేటి దారం లెక్క అప్పజెప్పి నామినేషన్ వేయగలరు.

పదో నంబరు సూదులు నాలుగు జతలు ఇంకా రావాలి. ఎవరి దగ్గరున్నాయో వారికి తెలుసు.

ఇట్లు,
కార్యదర్శి