అంత రాత్రి గట్టు మీద ఏం చేస్తున్నావు?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో క్రైమ్ నవలల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ దాళ్వా (రెండో పంట వరి) కోతల్లో పడి కుదరలేదు. ఈలోగా ఇంకెవరైనా జవాబిస్తారేమోనని రోజూ చూశాను. మీ ఉత్తరాల శీర్షికలో కరెంటు కోతలూ, కుక్కల బెడదా తప్ప దాని ఊసే లేదు.

వ్యాసకర్త గారి బాధేమిటంటే, ఇప్పటి అపరాధ పరిశోధక నవలల్లో హీరోలు పిరికివాళ్లయిపోయారట. శవం కనబడగానే డిటెక్టివ్ యుగంధర్‌లా రంగంలోకి దిగకుండా 'నాకెందుకొచ్చిన గొడవ' అంటున్నారట. ఈ జబ్బు ఇంగ్లీషువాళ్ల నుంచి అంటుకుందట. మన సాహిత్యానికి ధీరులే తెలుసట!

అయ్యా, విరాటపర్వం ఎక్కడికి పోయింది? ఉత్తరకుమారుడు ఏ దేశపువాడు? సారథి దొరికితే కౌరవుల్ని చీల్చేస్తానని అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, తీరా సేనని చూడగానే రథం దూకి పరిగెత్తాడు. బృహన్నల వెంటపడి, జుట్టు పట్టుకు లాక్కొచ్చి జమ్మిచెట్టు ఎక్కించింది. అక్కడిదాకా అందరికీ తెలుసు. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అని ఇప్పటికీ ఎమ్మెల్యేల్ని తిట్టడానికి వాడుతూనే ఉన్నాం. ఆ తర్వాత వణుకుతూనే పగ్గాలు పట్టి అదే సేన మీదకి రథం తోలింది కూడా ఆ కుర్రాడే. కురుక్షేత్రంలో మొదటిరోజునే ఏనుగెక్కి శల్యుడికి ఎదురెళ్లి అతని చేతిలోనే చచ్చిపోయాడు. ఈ సంగతి వ్యాసకర్తకి తెలియదో, వ్యాసానికి అడ్డొస్తుందని వదిలేశారో మరి.

ఇంగ్లీషువాళ్ల సంగతికొస్తే, జాన్ బకన్ అనే ఆయన 1915లో రాసిన నవల ఒకటుంది. అందులో హన్నే అనే మైనింగ్ ఇంజనీరు ఆఫ్రికా నుంచి లండన్ వచ్చి, తోచక గోళ్లు గిల్లుకుంటూ ఉంటాడు. తన ఇంట్లో దాచిన మనిషిని ఎవరో పొడిచి చంపేస్తారు. హన్నే పోలీసుల దగ్గరికి వెళ్లడు. వెళితే మొదట తననే లోపలేస్తారని తెలుసు. పాలవాడి బట్టలు వేసుకుని బయటపడి స్కాట్లండ్ పారిపోతాడు. వెనక హంతకులూ, పోలీసులూ. దీన్ని పిరికితనమంటే ఎలా? ఎవరి దగ్గరికి పోకూడదో తెలిసినవాడి తెలివి కదా అది. కథ నడిచేదే ఆ భయం మీద.

అలాగని ఇప్పటి నవలలన్నిటినీ నేను వెనకేసుకు రావడం లేదు. నాలుగు అధ్యాయాలు బల్లికి కూడా జడిసిన గుమాస్తా ఐదో అధ్యాయంలో ఆరుగుర్ని ఒంటిచేత్తో పడగొట్టే రకం నవలలు బోలెడున్నాయి. వాటిని తిడితే నేనూ చేయి కలిపేవాణ్ణి. వ్యాసకర్త తిట్టింది మాత్రం ఆ ఐదో అధ్యాయాన్ని కాదు, మొదటి నాలుగింటిని. నిజం ఉన్నదే వాటిలో.

ఎందుకంటున్నానంటే, 1998లో దాళ్వాకి వంతు నీళ్లు వచ్చిన రాత్రి చేనుకి నీళ్లు పెట్టుకుంటూ గట్టు మీద ఉన్నాను. లాకుల దిగువన మలుపులో ఒక జీపు కాలువలో పడింది. రెయిలింగ్ లేదు. (ఇప్పటికీ లేదు. ఆ మాట తర్వాత.) నేనూ, పక్క చేను రైతూ దూకి ఇద్దర్ని ఒడ్డుకి లాగాం. మూడో ఆయన దక్కలేదు. తెల్లారేదాకా తడిబట్టలతో స్టేషన్లో కూర్చోబెట్టారు. తర్వాత సాక్షి సమన్లు. పదకొండు వాయిదాలు తిరిగాను, బస్సు ఖర్చులు నావే. పన్నెండోసారి బోనెక్కితే అవతలి ప్లీడరు అడిగిన మొదటి ప్రశ్న: "అంత రాత్రి గట్టు మీద నువ్వేం చేస్తున్నావు?" వంతు నీళ్లండీ అన్నాను. "ఎవరు చూశారు?" అన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు.

ఏడెనిమిదేళ్ల తర్వాత ఇంకో రాత్రి అదే మలుపులో నీళ్లలో దబ్బుమని చప్పుడైంది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, నేను ఆగిపోయాను. ఒక నిమిషమో, అంతకన్నా ఎక్కువో. చెవిలో ఆ ప్లీడరు గొంతే. ఈలోగా వెనకనుంచి ఒక కుర్రాడు నన్ను తోసుకుని దూకేశాడు. వాణ్ణి చూశాక నేనూ దూకాను. పడింది గేదె. ఇద్దరం కలిసి ఒడ్డెక్కించాం. గేదె కాబట్టి ఎవరూ సమన్లు పంపలేదు.

చట్టాలు లేక కాదండీ. ప్రమాదంలో సాయం చేసినవాళ్లని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని సెక్షనే పెట్టారు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. సాక్ష్యం చెబుతావా లేదా అన్నది మన ఇష్టం. ఈ హక్కులన్నీ స్థానిక భాషలో ఆసుపత్రి గుమ్మం దగ్గర రాసిపెట్టాలి కూడా. మా చుట్టుపక్కల ఆసుపత్రుల గుమ్మాల దగ్గర నాకు కనిపించినవి ఆరోగ్యశ్రీ ఫ్లెక్సీలూ, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలూను. దెబ్బతిన్నవాణ్ణి మొదటి గంటలో ఆసుపత్రికి చేరిస్తే 5,000 రూపాయలు ఇస్తామని 2021లో పథకం కూడా తెచ్చారు. ఆ డబ్బు తీసుకోడానికి ఎన్నిసార్లు తిరగాలో అని మా పేటలో నవ్వుకున్నారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఒడ్డున ఉన్న ఊరివాళ్లే పడవలేసుకుని వెళ్లి దొరికినవాళ్లని పైకి లాగారు. వాళ్లలో ఎవరి పేరైనా వ్యాసకర్తకి గుర్తుందేమో అడగండి.

రెయిలింగ్ సంగతి. కాటన్ దొర ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. ఏడాది కేడాది కాలువల పూడికతీతకి టెండర్లు పిలుస్తూనే ఉన్నారు. మలుపు దగ్గర పాతిక గజాల రెయిలింగ్ అడిగితే మాత్రం గట్టు మాది కాదని ఒక శాఖ, రోడ్డు మాది కాదని ఇంకో శాఖ. కాలువలో పడ్డవాడు ఎవరి పరిధిలో తేలాడో మాత్రం ఇద్దరూ టేపు పట్టుకుని కొలుస్తారు.

ఇంకొక్క మాట. మా ఊరి గ్రంథాలయంలో ఒకప్పుడు డిటెక్టివ్ నవలలు రెండు బీరువాలుండేవి, చేతులు మారి మారి అట్టలూడిపోయి. ఇప్పుడు బీరువాలున్నాయి, లోపల పోటీ పరీక్షల పుస్తకాలు, అవీ పాత సిలబస్‌వి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల పేరున కడుతూనే ఉన్నాం. ఆ పైసలు ఎటు పోతున్నాయో కనిపెట్టడానికైతే నిజంగానే యుగంధర్ కావాలి.

మీ వ్యాసకర్త గారిని వచ్చే దాళ్వాకి వంతు నీళ్ల రోజుల్లో మా గట్టు మీదకి పంపండి. రాత్రి పదకొండు దాటాక అయితే మంచిది. టార్చిలైటు నేనిస్తాను.

ఇట్లు,
ఓ పాత పాఠకుడు,
పాలకొల్లు దగ్గర